పేరు మరిచిన రాయి

ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నది బిక్షమ్మకు ఈ మధ్య తారుమారవుతున్నది. ఆమె వెంట నడిచే ఈ కథలో కూడా ముందువెనకలు ఎక్కడన్నా తప్పితే చదివేవాళ్లే సర్దుకోవాలి.

నందికొండలో ఆదివారం అంటే బస్సుల రోజు. డ్యాం చూడవచ్చినవాళ్లు మొదట రజాక్ బండి దగ్గర చాయ్ తాగుతారు. జనం పోగయ్యాక రజాక్ చాయ్ గిన్నె దించి డప్పు అందుకుంటాడు. కొంగులు నడుముకు బిగించి బిక్షమ్మ, ఆమె చెల్లెలి కూతురు ఎస్తేరు, పక్కింటి కౌసల్య రోడ్డు పక్క జాగాలోకి వస్తారు. డ్యాం ఎట్లా కట్టారో ఆడి చూపిస్తారు.

చేతుల్లో ఏమీ ఉండదు. బిక్షమ్మ కింద నిలబడి, లేని రాయిని నెత్తికెత్తుకొని, దాన్ని మోసిన మనిషి పేరు కేకేస్తుంది. "గిది మైసయ్య రాయి!" ఎస్తేరు అందుకొని పైకిస్తుంది. కౌసల్య పేరుస్తుంది. పాలమూరు నుంచి కూలికి వచ్చి, రాళ్లూ సిమెంటు మాలు తట్టలూ మోసి, ఈ కొండల నడుమే ఉండిపోయినవాళ్ల పేర్లవి. బిక్షమ్మ తల్లి మారెమ్మ పేరు కూడా అందులో ఉంది.

ఆట ముగిసేసరికి అక్కడ గోడ ఉంటుంది. కంటికి కనబడదు, ఆనుకుంటే ఆపుతుంది. కౌసల్య దాని మీదే నిలబడుతుంది కాబట్టి చూసేవాళ్లకు గాలిలో ఉన్నట్టుంటుంది. వెళ్లేముందు రాళ్లన్నీ దించెయ్యాలి. ఒకసారి మరిచిపోతే దేవరకొండ బస్సు ముక్కు తగిలి ఆగిపోయింది.

"ఓ అక్కా, గోడ తియ్యరాదుండే! నాకు టైమైతాంది," అని డ్రైవరు అరిచాడు.

"తీస్తున్నం తియ్యి. అందాక చాయ్ తాగు. రజాక్ బతకొద్దా?" అన్నది కౌసల్య.

అంతే. దాని గురించి ఎవరూ ఇంకో మాట అనలేదు.

రాష్ట్రావతరణ పండుగకు మహబూబ్‌నగర్ మైదానంలో ఆడమని ఆ ఏడు పిలుపు వచ్చింది. కౌసల్య మాత్రం మొహం మీదే చెప్పింది.

"అత్తా, ఏమనుకోకు. మొన్న మైసయ్య పేరు మూడుసార్లు పిలిచినవ్. గంతమంది ముంగట ఆగిపోతే మన ఇజ్జత్ పోతది. పేర్లన్ని నాకొస్తయ్. నేను కింద నిలబడ్త."

"మరి పైకి నేనెక్కాల్నా? బొక్కలిరిగితే నువ్వు మోస్తవా దవాఖానకు?" అన్నది బిక్షమ్మ.

ఎస్తేరు ఇద్దరి మధ్యా నలిగింది. చివరికి, "పెద్దమ్మా, గీసారి నువ్వే. తప్పు పోయిందనుకో, ఇగ నువ్వు ఇంట్లనే కూసోవాలె," అన్నది.

ఇంట్లో కూర్చోవడం అన్న మాట బిక్షమ్మను వదల్లేదు. నోటితో పిలుస్తున్నంత కాలమే ఆ పేర్లు తన దగ్గర ఉంటాయని ఆమెకు తెలుసు. రొట్టె కొడుతూ, బియ్యం ఏరుతూ, బోరింగు దగ్గర బిందె నింపుతూ పేర్లు అనుకున్నది. నీళ్లకు వచ్చిన వాడకట్టు పిల్ల రబియా అడ్డం వచ్చి, "అవ్వా, బిందె నిండి పారుతాంది!" అనేదాకా ఆమెకు తెలియలేదు.

మైదానంలో ఎండ నిప్పులు చెరుగుతున్నది. షామియానా కింద కుర్చీల్లో అధికారులు, బయట కింద కూర్చున్న జనం. రజాక్ డప్పు మొదలుపెట్టాడు. మైసయ్య రాయి వెళ్లింది. మారెమ్మ రాయి వెళ్లింది. వరుస తర్వాత వరుస లేచింది. కౌసల్య మనిషెత్తున గాలిలో నిలబడితే పిల్లలు ఈలలేశారు.

తర్వాతి రాయి నెత్తికెత్తుకొని బిక్షమ్మ నోరు తెరిచింది. పేరు లేదు.

రజాక్ అదే దెబ్బ మళ్లీ మళ్లీ వేశాడు. నెత్తి మీద బరువు పెరిగింది. పైనుంచి కౌసల్య పేరు అందించబోయింది. బిక్షమ్మ చెయ్యెత్తి ఆపింది. జనం వైపు తిరిగింది.

"నాయినలారా, గీ రాయి ఎవలిదో నాకు యాదికొస్తలేదు. మీ ఇండ్లల్ల ఎవలన్న రాయి మోసిన్రా?"

ఎస్తేరు కళ్లు మూసుకుంది. అయిపోయిందనుకుంది.

వెనక నుంచి తెల్లతల మనిషి ఒకడు లేచాడు. "మా నాయిన మోసిండమ్మా. గీ కట్టకు కాదు, శ్రీశైలం కాడ."

"ఏ కట్టయితేంది బిడ్డా? పేరు చెప్పు."

"వీరేశం!"

"గిది వీరేశం రాయి!"

రాయి కూర్చున్న చప్పుడు మైదానమంతా వినబడింది.

ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. "మా అవ్వ నర్సింగమ్మ!" "మా తాత సాయిలు, బొంబాయిల!" పేర్లు అరుస్తూనే జనం లేచి వచ్చారు. తమ రాయి తామే ఎత్తి ఎస్తేరుకు అందించారు. చేతులు చాలక మనుషులు వరుస కట్టారు. ఆట సమయం అయిపోయిందని చెప్పడానికి ఒక అధికారి మైకు పట్టుకొని వచ్చాడు. వరుస చూసి మైకు కింద పెట్టి, చొక్కా చేతులు మడిచి, "మా అమ్మ అమృతమ్మ," అని రాయి ఎత్తుకున్నాడు. గోడ షామియానా దాటింది. కంటికి కనబడకపోయినా దాని నీడ చల్లగా మైదానం మీద పరుచుకుంది. కౌసల్యను దించడానికి కరెంటోళ్ల నిచ్చెన తేవలసి వచ్చింది.

ఎవరి రాయి వాళ్లు దించుకోమంటే ఒక్కరూ కదలలేదు. గోడ అక్కడే ఉన్నది. పొద్దున నడకకు వచ్చేవాళ్లు చుట్టు తిరిగి పోతారు.

తిరుగుబస్సులో బిక్షమ్మ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. కౌసల్య వచ్చి పక్కన కూలబడ్డది.

"చెప్పు. ఇంట్ల కూసోవాల్నా?" అన్నది బిక్షమ్మ.

"నువ్వు కూసుంటే ఆట ఎట్ల నడుస్తది అత్తా? నాకు పేర్లన్ని యాదికుంటయ్. ఇగ నేను జనాన్ని ఏమని అడుగుత?"

ఎస్తేరు నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నారాయణపేటలో ఆడమని అప్పుడే ఎవరో రజాక్‌కు ఫోన్ చేస్తున్నారు.

బిక్షమ్మ సీట్లో నిటారుగా కూర్చుంది. రాయి పట్టుకున్నట్టు నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఎస్తేరూ, ఇయ్యాల ఇచ్చిన పేర్లు చెప్త, ఇను. ఏడన్న తప్పు పోతే ఆపు. వీరేశం, నర్సింగమ్మ, సాయిలు... సాయిలేనా? జర సరిగ జూసి చెప్పు బిడ్డా."