పావు చుట్టు ఆట

నేను ఒక పాత లారీకి స్టీరింగ్ పెట్టెను. డ్రైవరు పట్టుకునే చక్రం అందరికీ తెలుసు. దాని కింద పొడుగాటి కడ్డీ చివర, నూనే మట్టీ పూసుకుని కూర్చున్న నన్ను మాత్రం ఎవరూ పట్టించుకోరు. నా పొట్టలో మెలికలు తిరిగిన మర ఒకటుంది, దాన్ని కరుచుకుని నడిచే రోలరు ఒకటుంది. చక్రం తిప్పితే మర తిరుగుతుంది, మర తిరిగితే రోలరు జరుగుతుంది, అంత పెద్ద లారీ చెప్పిన మాట వింటుంది. గొప్పలు కావు, ఉన్నమాటే!

కొలిమిలో పోత పోసుకుని పుట్టాను. మొదట కలప మోసే ఆయన కొన్నాడు, తర్వాత ఇసుక మోసే ఆయన. ఇద్దరూ నాకు నూనె పోయడం మరిచిపోయారు గాని, లారీ ముందు నిమ్మకాయలు కట్టడం ఒక్కరోజూ మరవలేదు. చివరికి శృంగవరపుకోటలో అప్పలనరసమ్మగారి చేతికి వచ్చాం. డ్రైవరు ఎర్రినాయుడు. పదహారేళ్లుగా ఈ లారీయే ఆయన లోకం.

మలుపులు తిప్పీ తిప్పీ నేను అరిగిపోయాననుకుంటారు జనం. అదేం కాదు. రోజులో మలుపులెన్ని? తిన్నగా పోవడమే ఎక్కువ. తిన్నగా పోయినంతసేపూ రోలరు మర నడిమధ్యనే రుద్దుకుంటుంది. అలా బుద్ధిగా నడిచినచోటే అరిగిపోయాను. దాంతో చక్రం పావు చుట్టు ఉత్తినే తిరిగేది, టైర్లు కదిలేవి కావు. మెకానిక్కులు దాన్ని ‘ప్లే’ అంటారు. ఆటే మరి! నా ఆట నాయుడి ప్రాణానికొచ్చింది. లారీ రోడ్డంతా కొలుస్తూ పోతుంటే చూసినవాళ్లు ఊరుకుంటారా? నాయుడు తాగి నడుపుతున్నాడన్నారు. కల్లు వాసనకే తుమ్మే మనిషి ఆయన. తప్పు నాదని అరిచి చెప్పాలనిపించేది. ఇనుముకి నోరేదీ?

మాట అప్పలనరసమ్మగారి చెవిన పడింది. “ఎల్లుండి అనంతగిరి సిమెంటు లోడుకి నానే పక్కన కూకుంటాను నాయుడా. బండి తాగినోడి నడక నడిచిందా, తాళాలిచ్చీసి ఎల్లిపో” అంది.

మర్నాడు పొద్దున్నే నాయుడు లారీని మెకానిక్కు కరీముల్లా షెడ్డుకి తోలాడు.

“పెట్టె మీద స్క్రూ ఓ రవ్వ బిగించీ కరీమూ, సాలు.”

“మధ్యలో ఆట పోయీదాకా బిగిస్తే, మలుపులో అరగని కొసల కాడ పట్టేస్తది నాయుడన్నా. ఘాట్లో పట్టేసిందనుకో, నువ్వూ అమ్మగోరూ తిన్నగా లోయలోకే. ఇప్పాల్సిందే.”

విప్పాడు! అన్నేళ్ల తర్వాత నా పొట్టలోకి వెలుగొచ్చింది. మరను బయటికి లాగి, కిరసనాయిలుతో కడిగి ఎండలో పెట్టాడు. రెండు చివర్లూ నిగనిగలాడుతున్నాయి, నడుమ మాత్రం గుంట. నాయుడు అందులో గోరు పెట్టి చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“సూసినావా! తాగుబోతుని నాను కాదు, ఇదీ!”

“పట్టుకెళ్లి అమ్మగోరికి సూపించన్నా.”

“తాగినోడు సాకు సెప్పినట్టుంటాది. బండి నడిపే సూపిస్తాను.”

కొత్త మర, కొత్త రోలరు, కొత్త బేరింగులు వచ్చాయి. నా పెట్టె ఒక్కటే పాతది. కరీముల్లా నన్ను ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పి చుట్లు లెక్కపెట్టాడు. అందులో సగం వెనక్కి వచ్చి ఆగాడు. అదీ నా అసలు మధ్య! అక్కడ స్క్రూని వెంట్రుకవాసి చొప్పున బిగిస్తూ, వేళ్లకి సన్నటి పట్టు తగలగానే నట్టు వేశాడు. అబ్బ! ఒళ్లంతా కొత్త బలం. ఎప్పుడెప్పుడు తెల్లారుతుందా అని ఒకటే ఆరాటం నాకు.

తెల్లారింది. అప్పలనరసమ్మగారు గొడుగు చంకన పెట్టుకుని క్యాబిన్ ఎక్కింది. నాయుడు యార్డు గేటు దగ్గర అలవాటు కొద్దీ చక్రాన్ని పావు చుట్టు ఎక్కువ తిప్పాడు. నేనేమో తిప్పిందంతా విన్నాను! లారీ ఒక్క ఉదుటున గేటు స్తంభం మీదికి పోయింది. బ్రేకు పడింది గాని, జానెడు దూరంలో.

“పొద్దున్నే మొదలెట్టీసినావేటి?” అందామె.

నాయుడు లారీని వెనక్కి తీస్తూ చెప్పాడు. “నేదమ్మగోరూ! నిన్ననే స్టీరింగు బాగుసేయించినాను. ముందు పావు చుట్టు ఉత్తినే తిరిగీది. నా సేతులకింకా పాత బండే గుర్తు.”

“ఏదీ, ఊదు.”

ఊదాడు పాపం, ఏభై దాటిన మనిషి, చిన్నపిల్లాడిలా. ఆమె వాసన చూసి, “టీయే” అంది అనుమానంగా. “పోనీ. ఘాట్లో తేల్తాది గదా.”

ఘాట్ మొదలైంది. మొదటి మలుపులో నాయుడు చక్రాన్ని భయంభయంగా కదిపాడు. నేను అంతే తిరిగాను. రెండో మలుపులో కాస్త ధైర్యం చేశాడు. అంతే తిరిగాను! మూడో మలుపుకి ఆయన చేతులకి నేను, నాకు ఆయన చేతులు అర్థమైపోయాం. ఎదురుగా బస్సు వస్తే అంచు వెంబడి గీత గీసినట్టు పక్కకి జరిగాం. లోయ పక్కనే ఉంది, మాకేం లెక్క! ఏడో మలుపు దాటాక పక్కసీటు నుంచి గుర్రు వినిపించింది. తాగుబోతుని పట్టుకుందామని వచ్చిన అప్పలనరసమ్మగారు గొడుగు మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది. నాయుడు ఆమెకేసి ఒకసారి చూసి, గుంటల్లో లారీని మరింత నెమ్మదిగా దించాడు.

అనంతగిరిలో ఆగేసరికి మెలకువొచ్చింది. సిమెంటు దించేవాళ్లు చుట్టూ మూగి, ఈ మధ్య మీ బండి అలా ఊగుతోందేమిటని నవ్వుతూ అడిగారు. నాయుడు తల దించుకున్నాడు.

ఆమె చెంగుతో మూతి తుడుచుకుని గట్టిగా చెప్పింది. “నాయుణ్ణి ఎవుడైనా ఏటైనా అన్నాడంటే ఊరుకోను! వొంకరబుద్ధి ఆ దిక్కుమాలిన స్టీరింగుది. సచ్చింది నన్ను కూడా మోసం సేసీసింది!”

నాయుడు తల ఎత్తాడు. నన్ను తిడితే ఆయన పేరు నిలబడుతుందంటే, ఇంకో నాలుగు తిట్టమ్మా తల్లీ అనాలనిపించింది నాకు.