పేరు చెప్పకుండానే తెరుచుకున్న డిస్కు

మిర్యాలగూడలో ఒకసారి, కోదాడలో మరోసారి, బక్కయ్య తెరుచుకోని ఆ డిస్కును కంప్యూటర్ షాపుల్లో ఇచ్చాడు. రెండు చోట్లా ఒకటే మాట, ఫార్మాట్ చేయాలని. అంటే ఉన్నదంతా తుడిచిపెట్టడమట! తాళంచెవి దొరకలేదని ఇల్లు తగలబెట్టేవాళ్లను ఏమనాలి? కోదాడ షాపులో మౌస్ నొక్కేలోపే బక్కయ్య వైరు పీకేశాడు.

అందులో ఉన్నది అతని భార్య గోపమ్మ గొంతు. నాట్లప్పుడు తోటి ఆడవాళ్లతో ఆమె పాడే పాటలను కూతురు లత, తాను పాఠాలు చెప్పే బడిలోని పాత కంప్యూటర్‌లో రికార్డు చేసింది. తర్వాత గొంతు ఆపరేషన్‌తో గోపమ్మకు మాట పోయింది. కంప్యూటరూ చెడిపోయింది. మిగిలింది దాంట్లోంచి తీసిన ఈ డిస్కొక్కటే.

సూర్యాపేటలో రిపేరు షాపు నడిపే అశ్విని దాన్ని తిప్పి చూసింది.

"ఇది ఏ రకంది తాతా?"

"నాకేమెరుక బిడ్డా? మా లతకు గూడ తెల్వదంట. జర తుడవకు, దండం పెడత."

"తుడవ. ఉత్తగ సదువుడే, రాసుడు లేదు."

విండోస్‌కు బదులు లినక్స్ ఉన్న తన కంప్యూటర్‌కు డిస్కు తగిలించి, అశ్విని చిన్న కమాండ్ కొట్టింది. అందులో డిస్కు రకం పేరు చెప్పనే లేదు. కళ్లు మూసి తెరిచేలోగా తెర మీద ఫైళ్ల పేర్లు బారులు తీరాయి. బక్కయ్య తెర మీదికి వంగాడు.

"చెప్పకుండ దానికెట్ల తెలిసె?"

"ఒక్కో రకం డిస్కుల ఒక్కో గుర్తు, దాని జాగల అది రాసి ఉంటది. ఇది ఒక్కో గుర్తు ఎతుక్కుంట పోతది. కలిస్తే తెరుస్తది. ఆ షాపుల కంప్యూటర్లకు ఈ గుర్తు తెల్వదు, గంతే."

"అరె, నా లెక్కనే!" అన్నాడు బక్కయ్య. రైతు నోరు విప్పకముందే గింజ కొరికి వడ్ల రకం చెప్పే మిల్లు మనిషి అతను. అయినా గింజను కొరకాలి గదా! ఇదేమో చిన్న గీత కూడా పెట్టకుండా పోల్చుకుంది. ఎంత అద్భుతం! తెలియకుండానే చేతులు జోడించాడు.

వెంటనే ఇంటికి ఫోన్ కలిపాడు. అవతల గోపమ్మ ఊపిరి వినిపించింది.

"జర ఇను," అని స్పీకర్ దగ్గర పెట్టాడు.

గోపమ్మ పాట షాపంతా నిండింది. ఆగలేక ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. అవతల చప్పట్లు. పాటలో వెనక ఆడవాళ్లు అందుకునే చోట అవి ఆగుతున్నాయి. గోపమ్మ వంతు రాగానే మళ్లీ మొదలవుతున్నాయి.