బూడిద దొంగలు

నిన్న పోసిన ఇటుకలు ఇంకా తడారనే లేదు. కాంట్రాక్టరు మనిషి బూటుకాలితో ఒక్కొక్కదాన్నే చితకదొక్కుతుంటే బిసాహిన్ కళ్లప్పగించి నిలబడిపోయింది. కూలిన ఇంటిగోడ కోసం తన పొలంలోని బూడిద తానే తవ్వి చేసుకున్న ఇటుకలవి. పోలీసులు ఆమెను జీపెక్కించారు. నేరం, కంపెనీ బూడిద దొంగతనం!

దొంగే "దొంగ, దొంగ" అని అరవడమంటే ఇదే. రెండేళ్ల కిందట కరెంటు కంపెనీ బొగ్గు కాల్చిన బూడిదను నిలవేసే చెరువు కట్ట తెగి, హస్‌దేవ్ నది ఒడ్డు వరిచేలన్నిటినీ మొలలోతున ముంచింది. నష్టపరిహారం అడిగితే కంపెనీ పెద్దలు "అది హానిలేని చెత్త" అని రాసి చేతులు దులుపుకున్నారు. సిమెంటు తగ్గించి అదే బూడిద కలిపితే గట్టి కాంక్రీటు వస్తుందని తెలిశాక చెత్త కాస్తా సరుకైంది. ఆ బూడిదతో ఇటుకలు చేసే కాంట్రాక్టరు ప్లాంటు గేటుకు, పర్యావరణానికి మేలంటూ పచ్చటి ఆకు బొమ్మ వెలిసింది. లోపల బూడిద మోసేది మాత్రం ఆ పొలాల ఆడవాళ్లే. ఇటుకకు సున్నం ఎంత, ఇసుక ఎంత అన్నది అక్కడే నేర్చుకున్నారు.

స్టేషన్ ముందు ఊరంతా పోగైంది. ఎస్సై ఓ కాగితం చూపించాడు.

"నా పొలంలో ఉన్నది ఉత్త చెత్త, దానివల్ల నాకే నష్టమూ లేదు అని వేలిముద్ర వెయ్యి. కేసు లేదు, గీసు లేదు. ఇంటికి పో."

"వేసెయ్యి తల్లీ," అన్నాడు ఆమె బావగారు దుకాలు. "గోడలేని కొంపలో నీ కూతురొక్కతే ఉంది."

కూతురి మాట వినగానే బిసాహిన్ గుండె చెరువైంది. కొంగు ముఖమ్మీదికి లాక్కుంది. వాళ్లలో భర్త అన్నతో ఏ కోడలూ ఎదురుపడి మాట్లాడదు. తనతో తట్టలు మోసే సమారిన్ వైపు తిరిగింది.

"అక్కా, బావగారితో చెప్పు. చెత్త అని వేలిముద్ర వేస్తే నేనొక్కదాన్నే బయటపడతా. ఆ కాగితం చూపించి ఊరందరి పరిహారమూ ఎగ్గొడతారు. ఊరి పొలాలన్నీ గంగలో కలుస్తాయి."

"ఆయనకు చెవుడేం లేదులేవే, వినబడింది," అంది సమారిన్.

దుకాలు కూడా సమారిన్‌నే అడిగాడు: "అయితే జైలుకు పోతుందటా?"

బిసాహిన్ ఎస్సై వైపు తిరిగి ముఖమ్మీది కొంగు తీసేసింది. "నేను దొంగనే సాబ్, రాసుకో. కంపెనీ సరుకు బిసాహిన్ పొలంలో మొలలోతున దొరికింది అని రాయి. అక్కడ మీ సరుకు ఎవడు పోశాడో కోర్టులో నేనే అడుగుతా."

"నోరు ముయ్యవే!" అంటూ లోపలికి తోసి తాళం వేశాడు.

మర్నాడు పొద్దున్నే ఆమెను జిల్లా జైలుకు పంపేశారు. జీపు రేపిన దుమ్ము అణగకముందే దుకాలు తట్టెడు బూడిద తెచ్చి స్టేషన్ మెట్ల మీద గుమ్మరించాడు.

"నా పొలంలోది. నేనూ దొంగనే, రాసుకో."

వెనక ఊరంతా తట్టలతో బారులు తీరింది. మధ్యాహ్నానికి మెట్లు మునిగిపోయాయి. ఎస్సై గొంతు చించుకున్నాడు.

"ఎత్తండ్రా ఈ చెత్త!"

సమారిన్ తట్ట బోర్లించి దానిమీద కూర్చుంది.

"చెత్త కాదు సాబ్, సరుకు. ముట్టుకుంటే జైలే."