ఉత్త గాలి

ఆ ఆదివారం ఇంట్లో ముగ్గురున్నారు. పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన గొంతుక్కూర్చున్న పైడయ్య, అతని పక్కనే చెవి ఒగ్గి నిలబడిన కూతురు రమణి, అరుగు మీద కాళ్ళు చాపుకుని వల చిరుగులు కుడుతున్న నాయనమ్మ సింహాచలమ్మ. తల్లి బంగారమ్మ తెల్లారకముందే మొదటి ఆటోకి పలాస వెళ్ళిపోయింది. జీడిపప్పు ఫ్యాక్టరీకి ఆ వారం సెలవు లేదు. నాయనమ్మ మాత్రం పెరట్లో ఉన్న రెండు బండల్నీ మనుషుల్లోనే కలిపేస్తుంది. "ఐదుగురం ఉన్నాం. ఆలిద్దరూ కూడు తినరు, అంతే తేడా" అంటుంది.

ఆ ఇద్దరూ గాలి బండలు, ఇనప సిలిండర్లు. సముద్రంలో మునిగేవాళ్ళు వీపుకి కట్టుకునేవి. ఒకటి భావనపాడు పడవలది, రెండోది సోంపేట నుంచి పరీక్షకొచ్చింది.

పైడయ్య ఖాళీ బండని తాడుతో దూలానికి వేలాడదీసి, కర్ర సుత్తితో నడుం మీద ఒక్కటి కొట్టాడు. బండ మోగింది. రమణి కళ్ళు మూసుకుంది. మోత సన్నబడుతూ, సన్నబడుతూ, గాలిలో కలిసిపోయేదాకా మనసులో లెక్కపెట్టింది.

"పదమూడు" అంది.

"పదమూడా? బాగున్నాది" అన్నాడు పైడయ్య. తృప్తిగా బండ మీద చెయ్యి వేసి నిమిరాడు.

మోగిన బండ మంచిది. టప్పుమని ఊరుకున్న బండ లోపల తుప్పో, పగులో ఉన్నట్టు. ఆ తేడా పైడయ్య చెవికి తెలియదు. పన్నెండేళ్ళ కిందట, భావనపాడు దగ్గర పడవ పంకాకి చుట్టుకున్న వల కోస్తూ, లోతు నుంచి ఒక్కసారిగా పైకి వచ్చేశాడు. కుడి చెవిలోంచి నెత్తురు కారింది. ఆ చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవిలో మాట దగ్గరగా చెబితేనే పడుతుంది. ఆ తర్వాత విశాఖలో బండలు పరీక్షించే చోట నాలుగేళ్ళు పనిచేశాడు. వాళ్ళు తీసిపారేసిన గాలి నింపే మిషను ఒకటి తెచ్చుకుని ఇంటి దగ్గర పెట్టుకున్నాడు. చదువు రాదు. అంకెలు మాత్రం వచ్చు. బండ భుజం మీద కొట్టిన తేదీ, గడియారం ముల్లు చూపించే ఒత్తిడి, ఈ రెండూ చదవగలిగితే చాలంటాడు.

వినడం రమణి పని. బళ్ళో ఆ పిల్ల పేరు పిలిస్తే లేచి నిలబడుతుంది గానీ గొంతు పెగలదు. తొమ్మిదో తరగతి మొత్తం మీద ఆమె మాట్లాడిన మాటలు ఒక పేజీకి రావు. కానీ ఇక్కడ, తండ్రి ఎడమ చెవి పక్కన, ఆమె మాట మీదే పని నడుస్తుంది. బండ మర వదులుగా ఉండి గాలి కారితే "వత్తంది" అనాలి. బిగిస్తుంటే "తగ్గింది" అనాలి. పూర్తిగా ఆగితే "నేదు" అనాలి. ఈ మూడు మాటలూ ఆమె ఏడేళ్ళ నుంచి చెబుతోంది. సాయంత్రం ఒక పాత నోటుబుక్కులో రాసుకుంటుంది కూడా: పచ్చ బండ, పదకొండు. నల్ల బండ, తొమ్మిది, చివర్లో చిన్న గరగర.

ఏడేళ్ళైనా ఆమెకి బండలంటే భయం పోలేదు. ఒకసారి ఆ మాట తండ్రితో అంది. పైడయ్య నవ్వలేదు. "బయం ఉండాల. బయం పోనోడు బండ కాడికి రాకూడదు" అన్నాడు.

నింపేది ఇంట్లో కాదు. పెరటి చివర, కొబ్బరి చెట్ల అవతల, ఇసుక నింపిన బస్తాలతో నాలుగు గోడలు పేర్చాడు. పైకప్పు వెయ్యలేదు. పేలితే పైకి పోవాలి గానీ పక్కకి రాకూడదని. తలుపు పాత పడవ చెక్కలతో చేసింది. ఆ గోడకి రోడ్డు వైపున ఒక రేకు బోర్డు. దాని మీద నీలం రంగు అక్షరాలు రమణివే. ఆరో తరగతిలో ఉన్నప్పుడు రాసింది.

ఎండ నడినెత్తికి వచ్చే వేళకి ఆటో చప్పుడయింది. అది కొండబాబు మావయ్యదని రమణికి మలుపు దగ్గరే తెలిసిపోయింది. పక్కన టెక్కలి డ్రిల్లు మాస్టారు నారాయణమూర్తి. వెనక సీటులో గోనె మీద పడుకోబెట్టిన పసుపు బండ.

ఆ బండ రమణికి గుర్తే. నోటుబుక్కులో ఉంది: పసుపు బండ, నాలుగు.

రిటైరయ్యాక మాస్టారు టెక్కలిలో ఒక పాత రైసు మిల్లు షెడ్డులో పిల్లలకి గాలి తుపాకీ నేర్పిస్తున్నాడు. ఆ తుపాకుల కింద చిన్న గొట్టం ఉంటుంది. అందులోకి పెద్ద బండ నుంచి గాలి ఎక్కించుకుంటే వంద గుళ్ళు పేలుతాయి. కిందటి నెల ఈ పసుపు బండ తెచ్చినప్పుడు పైడయ్య లోపలికి చిన్న బల్బు దించి చూశాడు. అడుగున ఎర్రగా తుప్పు. భుజం మీద తేదీ దాటి రెండేళ్ళు. నింపనన్నాడు. "విశాఖ అంపండి మాస్టారూ. నీళ్ళు నింపి ఒత్తిడి పెడతారు. బండ ఉబ్బుద్ది. ఒత్తిడి తీత్తే మల్లీ దాని ఒల్లు దానికి రావాల. రాకపోతే ఇంక దానికి ఓపిక నేనట్టే" అన్నాడు. మాస్టారు సరేనన్నాడు.

"ఏటి కోడలా, ఇయ్యాలైనా నోరిప్పుతావా? నువ్వు మాటాడితే వానొస్తాదేమోనని మా ఊరంతా సూత్తన్నాది" అన్నాడు కొండబాబు ఆటో దిగుతూ.

రమణి తల వంచుకుంది.

"దాని నోరు దానిష్టం. నీ నోటికి మరి ఎవులైనా మర బిగిత్తే బాగున్ను" అంది నాయనమ్మ అరుగు మీంచి.

మాస్టారు పైడయ్య ఎదురుగా వచ్చి, పెదవులు కనబడేలా నెమ్మదిగా చెప్పాడు. "నువ్వు నింపనన్నావని వేరేచోట నింపించాం పైడయ్యా. నీకింక ఇబ్బంది లేదు. తుపాకీ పైపు మాత్రం దీనికి బిగుసుకోవడం లేదు, అది చూసిపెట్టు. రేపు శ్రీకాకుళంలో పోటీ. ఎనిమిదిమంది పిల్లలు."

"విశాఖలోనా?"

"పలాసలో బావా, వెల్డింగు షాపులో!" కొండబాబు గర్వంగా అందుకున్నాడు. "ఏటి కొట్టాలన్నాడు. ఆక్సిజన్ కొట్టమన్నాను. సగవే ఎక్కిందనుకో. మర బిగుసుకుపోయి తిరగనేదు. ఉద్దానపోడికి ఉపాయాలకేటి కొదవ, కుసింత కొబ్బరి నూనె రాసీసేను. ఎన్నలాగ జారింది!"

వేగంగా అన్న ఆ మాటలు పైడయ్యకి అందలేదు. అలవాటుగా కూతురి వైపు చూశాడు.

రమణి దగ్గరకెళ్ళి ఎడమ చెవిలో చెప్పింది. "గాలి కాదంటయ్యా. ఆక్సిజనంట. మరకి కొబ్బరి నూనె రాసినారంట."

చెబుతుండగానే తండ్రి మెడ మీద నరం లేవడం చూసింది. ఎందుకో ఆమెకి తెలుసు. విశాఖలో ఒకతను నూనె అంటిన చేత్తో ఆక్సిజన్ బండ మర తిప్పిన కథ వందసార్లు విన్నది. అగ్గిపుల్ల లేదు, నిప్పు లేదు. నూనె, ఆక్సిజన్ కలిసి వాటికవే అంటుకున్నాయి. గాలి వేరు, అది వేరు. అందుకే ఎవరైనా ఆక్సిజన్ బండ అంటే చాలు, పైడయ్య దిద్దుతాడు: "ఆక్సిజన్ కాదు. గాలి. మనం పీల్సే ఉత్త గాలి."

"తుపాకీకి ఎక్కించీసినారా?" అన్నాడు పైడయ్య.

"లేదు. పైపు పట్టలేదనే కదా వచ్చాం."

"ఆ తుపాకీ మీద పిల్లలు చెంప ఆనిత్తారు మాస్టారూ."

కొండబాబు చేతిలో బీడీ ఉంది. పైడయ్య దాన్ని లాక్కుని ఇసుకలో తొక్కాడు.

"నన్నంటావేటి బావా? నీ బోర్డు మీద ఉన్నదే అడిగేను."

ఈసారి పైడయ్యకి ఆ మాట అందింది. "నా బోర్డు మీద గాలనుంది."

"నాను ఐదు సదివేను బావా. 'ఇచ్చట ఆక్సిజన్ నింపబడును'. కాదా కోడలా?"

అందరూ రమణి వైపు చూశారు. గాలి అని రాస్తే సైకిల్ షాపు అనుకుంటారని, బళ్ళో పిల్లలు నవ్వుతారని, ఆ రోజు పుస్తకంలో మాట చూసి రాసింది. ఏం రాశావని తండ్రి అడిగితే, గాలి నింపబడును అని చదివి వినిపించింది. తర్వాత ఎన్నోసార్లు చెబుదామనుకుంది. మూడేళ్ళుగా గొంతు పెగల్లేదు.

పైడయ్య కూతురి వైపు చూశాడు, అంతే.

అప్పుడు ఆమెకి వినిపించింది. ఆటో ఇంజను ఆగిన నిశ్శబ్దంలో, గోనె మీద నుంచి, దారమంత సన్నటి బుస.

"అయ్యా, వత్తంది" అంది.

ఇంక ఆ బండని మళ్ళీ ఆటోలో కుదుపులకి పంపడానికి లేదు. ఎండలో ఉంచడానికీ లేదు. ఖాళీ చెయ్యాలి, అదీ చాలా నెమ్మదిగా. పైడయ్య చొక్కా విప్పేశాడు, దానికి మిషను నూనె మరకలున్నాయని. సబ్బుతో మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కున్నాడు. తువ్వాలు నీళ్ళలో ముంచి నడుముకి చుట్టుకున్నాడు. మాస్టారినీ, కొండబాబునీ, తన తల్లినీ సరుగుడు తోటలోకి పొమ్మని చెయ్యి ఊపాడు. సింహాచలమ్మ వల వదల్లేదు. దాన్ని ఒళ్ళోనే పట్టుకుని నడిచింది. "గుంటా, రాయే" అని మనవరాలిని రెండుసార్లు పిలిచింది.

రమణి అటు వెళ్ళలేదు. తండ్రి బండని రెండు చేతుల మీదా ఎత్తుకుని, అడుగులో అడుగేస్తూ కొబ్బరి చెట్ల మధ్య నుంచి నడుస్తుంటే వెనకే నడిచింది. దారిలో దూలం దగ్గర పడి ఉన్న కర్ర సుత్తి, ఎప్పటిలాగే, ఆమె చేతికి వచ్చింది. ఎప్పుడు తీసుకుందో ఆమెకే తెలియదు.

ఇసుక గోడల మధ్య అతను బండని నిలబెట్టాడు. తలుపు దగ్గరికి తిరిగి వచ్చాడు.

"నువ్వాగిపో."

"నానొస్తాను. నీకు వినబడదు కదా" అంది రమణి. అంత గట్టిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

పైడయ్య తడి అరచెయ్యి చూపించాడు. "దీనికి తెలుస్తాది. ఎంతొత్తందో, ఎంత తగ్గిందో."

"అయ్యా. ఆ బోర్డు నానే..."

"గాలంటే రెండచ్చరాలే కదా, ఇంత పొడుగేటని ఆ రోజే అనుకున్నాను" అన్నాడు. కోపం కనబడలేదు. అదే ఆమెని ఇంకా భయపెట్టింది. "రేపు రంగు కొందాం. ఆ కొబ్బరి సెట్టు ఎనకాల నిలబడు. అయిపోతే బండ మోగిత్తాను. నువ్వు లెక్కెట్టు. మోగేదాకా ఈ తలుపు ముట్టుకున్నావంటే, సూడు మరి."

పడవ చెక్కల తలుపు ఆమె ముఖం మీదే మూసుకుంది. లోపల గడియ పడింది.

చెట్టు వెనక్కి వెళ్ళింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత బుస మొదలైంది, సన్నగా, ఉండవలసినంతే. అతనికి వినబడదని తెలిసీ రమణి చెప్పడం మొదలుపెట్టింది. "వత్తంది అయ్యా. వత్తంది. వత్తంది." గొంతు పెగిలింది గానీ ఒళ్ళంతా వణుకుతోంది. ఆ వణుకుకి చేతిలో ఉన్నదేదో చెట్టు మొదలుకి టకటకా కొట్టుకుంటోంది. కిందికి చూసింది.

బండ మోగించవలసిన కర్ర సుత్తి ఆమె చేతిలోనే ఉంది. పిడి మీద, తండ్రి బొటనవేలు పట్టి పట్టి అరిగిన గుంట.