తొక్కిన మట్టి

తియ్యమాటల బావ ఆ రోజు గడప తొక్కకపోయి ఉంటే ఈ నేల ఇవాళ కూడా తనదే. మడమ ఎత్తిన ప్రతిసారీ అతనికి ఆ సంగతే గుర్తొచ్చేది. తొక్కాడు. ఇంకోసారి తొక్కాడు. మొక్క చుట్టూ బంకమట్టి రాయిలా బిగుసుకుంది.

ముందు బావ. పార దించి, మట్టి చీల్చి, దగ్గి, మొక్కని నిలబెట్టి పక్కకి జరుగుతాడు. వెనక అతను. "బావా బావమరుదులు! మీ సరసాలు మీరే చూసుకోండి" అని మేస్త్రీ ఇద్దర్నీ ఒకే వరుసకి తోశాడు. అక్క పోయిన దగ్గర్నుంచీ ఆ ఇద్దరి మధ్య మాటల్లేవని మేస్త్రీకేం తెలుసు?

ఒకప్పుడు ఇదంతా చిత్తడి. మోకాలి లోతు నీళ్లు, మనిషి ఎత్తు రెల్లు, అంచున అడవి. చిన్నప్పుడు అక్క ఈ నీళ్లలో దిగిందంటే ఎంత పిలిచినా బయటికొచ్చేది కాదు. చమురు కంపెనీ వాళ్లు నేల అడిగినప్పుడు, "చమురు తోడుకుని ఎక్కడి నేల అక్కడ వదిలేసి పోతార్రా, నా మాట నమ్ము" అన్నాడు బావ. నమ్మి సంతకం పెట్టాడు. లారీలు మట్టీ కంకరా తెచ్చి నీళ్ల మీద పోశాయి. చమురు అయిపోయింది. గొట్టాలు పీక్కుపోయారు. ఇప్పుడు పోసిన కంకర ఎత్తేసి, పాత చిత్తడి తిరిగి రావాలని మొక్కలు నాటిస్తున్నారు. వచ్చినా అది అటవీశాఖ లెక్కలోకి పోతుంది, అతనికి రాదు. తన నేలలో తనే కూలి.

ఎండ నడినెత్తికెక్కినా ఒక్క పిట్ట కూయలేదు. గడ్డ చిదిపితే ఇంకా కిరసనాయిలు కంపే.

భోజనాలకి అందరూ నీడకి పోయారు. బావ పోలేదు. వరుస మొదట్లో మోకాళ్ల మీద కూలబడి, అతను తొక్కిన మట్టిని మొక్క మొక్కకీ వేళ్లతో గుల్ల చేస్తున్నాడు. అతనికి ఒళ్లు మండిపోయింది.

"నేను చేసింది చెడగొట్టడానికే పుట్టావా?"

బావ తలెత్తి చూశాడు. "హమ్మయ్య, తిట్టావు. తిట్టయినా మాటే కదా." దగ్గు ఆగేదాకా ఆగాడు. "మెత్తనేలని తొక్కితే ఊటకి ఊపిరాడదురా. మీ అక్క చెబుతుండేది. కోపం నా మీదయితే మొక్కేం చేసింది? రా, నా వీపు తొక్కు. నడుం నొప్పయినా వదుల్తుంది."

"ఊటెక్కడుంది? ఎప్పుడో చచ్చింది."

"కప్పలు అరుస్తున్నాయి. విను."

విన్నాడు. ఏమీ లేదు.

"నీకు చెవుల్లో అరుస్తున్నాయి."

"సర్లే. నీళ్లొచ్చేదాకా నేనిక్కడే ఉంటాను. ఆ మాటయినా నిలబెట్టుకోనీ."

అతను విసురుగా నీడకి పోయి పడుకున్నాడు.

ఈల వేశారు. అందరూ లేచారు. బావ లేవలేదు. సగం వరుస దాటి, గుచ్చిన పార పిడికి నుదురానించి కూర్చునే ఉన్నాడు. ఒక చెయ్యి మట్టిలో ఉంది.

"బావా."

ఎన్నేళ్ల తర్వాతో ఆ పిలుపు. బావ పలకలేదు. చెయ్యి పట్టుకుంటే తడి బంకమట్టి పట్టుకున్నట్టుంది.

శవాన్ని ట్రాక్టరులో ఎక్కించారు. "నువ్వూ పదవయ్యా" అన్నాడు మేస్త్రీ. "వరుస ముగించి వెనకే వస్తా" అన్నాడు అతను. ఏం మనిషివి అన్నట్టు చూసి వెళ్లిపోయారు.

ఒంటరిగా వరుస మొదటికి నడిచాడు. బావ వేళ్లు దిగిన ప్రతి గుంటలోనూ నీరూరి ఉంది. బావ చెయ్యి చేరని చోట్ల తన మడమ గుర్తులు బీటలు వారి ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని, తను తొక్కిందంతా తనే వేళ్లతో గుల్ల చేసుకుంటూ పోయాడు. గోళ్లలో నెత్తురొచ్చింది. చివరి మొక్క దగ్గర, మట్టి కిందెక్కడో, కప్ప అరిచింది. ఒక్కసారే.

"విన్నావా బావా?" అని వెనక్కి తిరిగాడు.

పొద్దు వాలింది. అతను పోగొట్టుకున్న రెండెకరాల పద్నాలుగు సెంట్ల నడుమ బావ పార గుచ్చింది గుచ్చినట్టే ఉంది, దాని మొదట్లోకి మెల్లగా నీళ్లు చేరుతూ.