పోలిక కుదరని తలకాయ

నేను ఒక తలకాయను. మెడతోనే నా సంగతి అయిపోతుంది. భుజాలు లేవు, చేతులు లేవు, కనుక ఎవరి పీకా పట్టుకోలేను. నాకున్న గుణానికి అదొకందుకు మంచిదే. ఆ గుణమేమిటో దాచుకోవడం దేనికి, ముందే చెప్పేస్తాను. నేను ఓర్వలేనిదాన్ని. ఏ బొమ్మనైనా చూసి ఎవరైనా "అరె, అచ్చం ఆయనే!" అన్నారంటే నాకు కడుపు మండిపోతుంది. కడుపు లేదు, అయినా మండుతుంది.

దీనికి కారణం నా పుట్టుకలోనే ఉంది. కోనసీమలో, కొత్తపేట దగ్గర విగ్రహాలు చేసే ఒక షెడ్డులో నన్ను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోతపోశారు. ఒక రైసుమిల్లు యజమాని పోయాడు. ఆయన కొడుకులిద్దరూ కల్యాణమండపం ముందు తండ్రి విగ్రహం పెట్టాలనుకున్నారు. శిల్పి చేతికి ఇచ్చింది ఒకే ఒక్క ఫోటో, అదీ ఎదురుగా తీసింది. ఎదురుగా తీసిన ఫోటోలో ముక్కు పక్కనుంచి ఎలా ఉంటుందో బ్రహ్మదేవుడికైనా తెలియదు. శిల్పి తనకు తోచిన ముక్కు పెట్టాడు. నిటారైన, నిండైన, మంచి ముక్కు. పెద్దకొడుకు నా చుట్టూ రెండుసార్లు తిరిగి, "ముక్కు మా నాన్నగారిది కాదండి" అన్నాడు. చిన్నకొడుకు ఇంకాస్త దగ్గరికొచ్చి, "అసలు ఈయనెవరండీ?" అన్నాడు.

ఆ మాట నాలో ఎక్కడ దిగిందో అక్కడే ఉండిపోయింది. కొత్త ముక్కుతో ఇంకొక తల చేశారు. దానికి కంచు వచ్చింది, దండలు వచ్చాయి. నాకు గోనెసంచి వచ్చింది.

ఆ సంచిలోంచి నన్ను బయటికి తీసినవాడు చారి మాస్టారు. మండపేటలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయినాయన, శిల్పికి స్నేహితుడు. "ఎవరిదీ కాని తలే నాకు కావాలి. ఎవరిదన్నా అయితే పోలికకోసం వెతుకుతారు తప్ప తలని తలగా చూడరు" అని నన్ను బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకొచ్చారు. దారిలో ఒక గతుకులో నా కుడిచెవి పైఅంచు కిటికీ ఊచకు కొట్టుకుని బియ్యపుగింజంత పెచ్చు ఊడిపోయింది. మాస్టారు చూసుకోలేదు.

అలా వచ్చిపడ్డాను, మెయిన్‌రోడ్డు పక్క మేడమీద గదిలోకి. ఆదివారం ఉదయాలు అక్కడ ఏడెనిమిదిమంది బొమ్మలు నేర్చుకునేవారు. పిల్లలు కారు, పెద్దవాళ్ళే. బ్యాంకులో పనిచేసే ఆవిడ, మందుల షాపాయన, ఆటో నడిపే అబ్బులు. అందరూ నన్నే గీసేవారు. కొత్తలో ప్రతివాళ్ళూ నా కళ్ళు తీసుకెళ్ళి నెత్తిమీద పెట్టేవారు. "కళ్ళు తలకి సరిగ్గా సగంలో ఉంటాయి. మీరెవరూ నమ్మరు, కొలిచి చూడండి" అని మాస్టారు ప్రతి ఏడూ మొత్తుకునేవారు. ఎంత చదువుకున్నా మనుషులకి నుదురు మీద శ్రద్ధ ఉండదు.

ఆ గదికొక పద్ధతి ఉంది. పని అయ్యాక బొమ్మలన్నీ తాడుకి బట్టల క్లిప్పులతో తగిలిస్తారు. గీసినవాళ్ళు నోరెత్తకూడదు. చూసినవాళ్ళు ఊరికే బాగుందనీ బాగాలేదనీ అనకూడదు. బొమ్మమీద ట్రేసింగు కాగితం పరిచి, ఎర్రపెన్సిలుతో తప్పు ఎక్కడుందో గీసి చూపించాలి. తాడు పొడుగునా నేను, నామీద ఎర్రగీతలు. నాకు అంతకన్నా ఏం కావాలి? పన్నెండేళ్ళు ఆ గదికి నేనే రాజును.

అప్పుడొచ్చింది నూకరత్నం. లేడీస్ టైలరు. ముప్పైఎనిమిదేళ్ళుంటాయి. మొదటిరోజే మెడలో టేపు తీసి నా ముక్కు పొడవూ చెవి పొడవూ కొలిచేసింది. ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నావని మాస్టారు అడిగారు.

"మా అమ్మని గియ్యాలండి. నా తొమ్మిదో ఏట పోయిందండి. ఒక్క ఫోటో కూడా లేదు. రైసుమిల్లులో పనిచేసేదండి. ఈమజ్జన మొకం సరిగా గుర్తు రావట్లేదు. మొత్తం మర్చిపోతానేమోనని బయమండి."

మాస్టారు ఆమె చేతికి పెన్సిలు ఇచ్చారు. "ముందు తల నేర్చుకో అమ్మా. రెండేళ్ళు పడుతుంది. ఇంకోమాట. పూర్తయ్యేదాకా మీవాళ్ళకెవరికీ చూపించకు. మొహమాటానికి 'అలాగే ఉందే' అన్నారంటే నీ చెయ్యి అక్కడితో ఆగిపోతుంది."

రత్నం గీసినట్టు నన్నెవరూ గీయలేదు. జాకెట్ల కొలతలు రాసుకునే కాగితాల వెనకపక్క కూడా నేనే. నా కుడిచెవి మీదే మూడునెలలు కూర్చుంది. "చెవి కిందకి జారిపోయిందండి రత్నంగారూ. కనుబొమకీ ముక్కు చివరికీ మధ్యలో ఉండాలి కదండీ" అని అబ్బులు ఎర్రపెన్సిలుతో ప్రతివారం పైకి జరిపేవాడు. ఆమె పళ్ళబిగువున ఊరుకుని, మర్నాటినుంచి మళ్ళీ గీసేది. చివరికి ఊడిన పెచ్చుతో సహా నా చెవి ఆమె కాగితంమీదికి దిగింది. ఈమె నాది అనుకున్నాను. వాళ్ళ అమ్మ సంగతి నేను పట్టించుకోలేదు.

రెండో ఏడు మాస్టారు నా నెత్తిన పిడుగు వేశారు. "ఇంక ప్రాణమున్న మనిషిని గీద్దాం" అని మేడ కింద ఆకుకూరలు అమ్మే సూరమ్మని పైకి పిలుచుకొచ్చారు. నా స్టూలు మీంచి నన్ను దించి, మూలన పెట్టి, సూరమ్మకి కుర్చీ వేశారు.

ఆ సూరమ్మ కదలకుండా పావుగంట కూర్చోలేదు. ఆవలించేది, చెవిలో పుల్ల పెట్టుకునేది, కునికేది. ఒకసారైతే కింద తోటకూర బేరం కోసం మధ్యలో లేచి వెళ్ళిపోయింది. నేను ఇన్నేళ్ళలో ఒక్కసారైనా రెప్ప వేశానా? అయినా అందరూ ఆమె చుట్టూ మూగి, "ఆ ముడతలు చూడండి, ఎంత బాగున్నాయో!" అని మురిసిపోయేవారు. ముడతలు పడడం కూడా ఒక గొప్పేనా? కుళ్ళుకుని కుళ్ళుకుని చచ్చాను.

కాని బొమ్మలు తాడెక్కిన రోజు నా పంట పండింది. ఎనిమిది సూరమ్మలకీ నా ముక్కే! ఇన్నేళ్ళు నన్నే గీసిన చేతులు మరి, కళ్ళు ఆమెను చూస్తున్నా వేళ్ళు నన్నే గీశాయి. సూరమ్మ తాడు దగ్గరికొచ్చి ముక్కున వేలేసుకుంది. "ఇదెవరి ముక్కు బాబో! నాది ఇంత సక్కగుంటే నేను కూరలెందుకు అమ్ముతాను?"

అందరూ నవ్వారు, నేర్చుకున్నారు, నెలరోజుల్లో దిద్దుకున్నారు. రత్నం చెయ్యి మాత్రం నా ముక్కును వదల్లేదు. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం చుట్టచుట్టిన కాగితమొకటి తెచ్చి తాడుకి తగిలించింది. తలగుడ్డ కట్టుకున్న ఆడమనిషి ముఖం. వాళ్ళ అమ్మ. ఎవరూ ట్రేసింగు కాగితం తియ్యలేదు. ఆ మనిషిని ఎవరూ చూడలేదు, ఏమని దిద్దుతారు? సూరమ్మే ఆగలేకపోయింది.

"అదేంటమ్మా, మీ అమ్మదీ ఆ మూల బొమ్మదీ ఒకటే ముక్కేంటి?"

రత్నం నావైపు చూసింది. బొమ్మవైపు చూసింది. తరవాత కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. కళ్ళు తెరిచి మాస్టారివైపు తిరిగింది. "మాస్టారండీ, కళ్ళు మూసుకున్నా ఇదే కనపడతందండి. మా అమ్మ ముక్కు పోయిందండి. దీన్ని గీసి గీసి నేనే పోగొట్టేసుకున్నానండి."

వచ్చి, నన్ను రెండు చేతులతో పట్టుకుని, గోడవైపు తిప్పేసి వెళ్ళిపోయింది.

ఆ క్షణంలో సిగ్గుపడ్డానని చెప్పాలని ఉంది. పడలేదు. ఎవరిదీ కాని ముక్కు ఒక మనిషి మనసులోకి దూరి, ఆమె తల్లి ముఖంలో కాపురం పెట్టింది. ఇంతకన్నా గెలుపు ఏముంటుందని గోడకి చెప్పుకుని మురిసిపోయాను.

రత్నం మూడు ఆదివారాలు రాలేదు. ఆ మూడు వారాలూ మెట్లమీద చప్పుడైతే ఆమేనేమో అని నేను వింటూ ఉన్నాను. ఎందుకు వింటున్నానో నాకే తెలియలేదు. నాలుగో వారం మాస్టారే ఆమె కుట్టుషాపుకి వెళ్ళి తీసుకొచ్చారు. గోడవైపున్న నాకు చెవులే దిక్కు.

"మీ మేనమామ ఉన్నాడుగా, ఆయన్ని అడిగావా?" అన్నారు మాస్టారు.

"అడిగేనండి. అక్క ముక్కు అక్క ముక్కులాగే ఉండేది అన్నాడండి."

"సరే. ఇవాళ్టినించి నువ్వు గియ్యకు. వీళ్ళు గీస్తారు. ఎర్రపెన్సిలు నీ చేతిలో ఉంటుంది."

"నాకే గుర్తులేదు కదండీ, ఏం చెప్పనండి?"

"ఎలా ఉండేదో చెప్పక్కర్లేదు. ఏది కాదో చెప్పు చాలు."

ఏడుగురూ ఏడు ముక్కులు గీశారు. మొదటివారం అన్నిటికీ ఒకటే మాట, "కాదండి." రెండోవారం, "కాదండి, ఇంత బారు కాదు." అబ్బులు ఊరుకోలేదు. "ఎందుక్కాదో సెప్పండి రత్నంగారూ, నేను మార్చేత్తాను." మూడోవారం ఆమె గొంతు మారింది. "ఇక్కడ, ముక్కు మొదట్లో ఒక నొక్కుండాలండి. ఊక పడకుండా తలగుడ్డ అంచు కిందకి లాక్కునేది, సరిగ్గా ఇక్కడ ఆగేది. నవ్వితే కొస కిందకి దిగేదండి." నాలుగోవారం ఎర్రపెన్సిలు కాగితంమీద ఆగకుండా నడిచింది. గీతలోంచి గీత, కాదులోంచి కాదు తీసేస్తూ నన్ను ఆ ముఖంలోంచి ఖాళీ చేయించారు. ఆ చప్పుడంతా నేను విన్నాను. ఒక తలకాయను గెంటెయ్యడానికి ఏడుగురు కావాలా అని ఒళ్ళు మండింది.

అయిదోవారం ఆమె, "ఇటివ్వండి, నేనే గీత్తాను" అంది. తరవాతి మూడు ఆదివారాలూ గదిలో ఆమె పెన్సిలు చప్పుడే ఎక్కువ వినపడింది.

బొమ్మ తాడెక్కింది. అందరూ చూస్తున్నారని కుర్చీల చప్పుడును బట్టి తెలిసింది. అబ్బులు నసిగాడు. "అన్నీ బాగా కుదిరేయండి. చెవి మాత్రం... పైన పెచ్చు ఊడినట్టుందండి."

"ఉంచండి అబ్బులుగారూ. అమ్మ చెవులు నేనెప్పుడూ చూళ్ళేదండి. మిల్లులో తలగుడ్డ, ఇంట్లో జుట్టు. ఎంత ఆలోచించినా రాలేదు. అందుకని నాకొచ్చిన చెవే పెట్టేను."

నేను విన్నది నమ్మలేదు. ఈలోగా మెట్లమీద కర్రచప్పుడు. రత్నం మేనమామ. రత్నమే రమ్మంది కాని, ఎందుకో చెప్పలేదు. రెండడుగులు వేసి ఆగిపోయాడు.

"అక్కా" అన్నాడు.

అంతే. నేను పుట్టినప్పటినుంచీ ఎదురుచూసిన మాట అది. నా ముందు నిలబడి ఏ మనిషీ ఏ పేరూ పలకలేదు. ఏడు కాగితాల చెత్తలోంచి పుట్టిన ఆ బొమ్మకి గుమ్మంలోంచే దక్కింది. గోడకి నా ముఖం ఆనించి ఉన్నందుకు మొదటిసారి సంతోషించాను.

"తలగుడ్డేదే?" అన్నాడాయన, కర్ర పొడుచుకుంటూ బొమ్మ దగ్గరికొచ్చి.

"తీసేసేను మావయ్యా. ఇంకా మిల్లు పనేంటి అమ్మకి?"

ఆయన్ని పట్టుకుని అందరూ టీకి కిందకి వెళ్ళారు. రత్నం వెళ్ళలేదు. నా దగ్గరికొచ్చింది. దుమ్ము తుడిచి, నన్ను ఇటు తిప్పింది.

చూశాను. శత్రువును చూసినట్టే చూశాను. నుదురు నాది కాదు. పెదవులు నావి కావు. నొక్కుపడిన ఆ చిన్నముక్కు నాది కానేకాదు, దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ కుళ్ళే. కాని నున్నగా వెనక్కి దువ్విన జుట్టు పక్కన, కనుబొమకీ ముక్కు చివరికీ సరిగ్గా మధ్యలో, పైఅంచున బియ్యపుగింజంత పెచ్చు ఊడిన కుడిచెవి ఉంది.

రత్నం బొమ్మకి దగ్గరగా జరిగింది. ఆ చెవి దగ్గరే నోరు పెట్టింది.

"అమ్మా, వినపడతందా?" అంది మెల్లిగా.

నాకు వినపడింది.