చిలక్కొయ్య మీద కండువా

నేను ఒక చిలకను. ఎగరను, పలకను, జామపండు తినను. నడుము దాకా గోడలో ఉంటాను, పై సగం బయట ఉంటుంది. నా మెడకు ఎవరేం తగిలించినా మోస్తాను. నన్ను చిలక్కొయ్య అంటారు.

కోనసీమలో ఒక కాలవ గట్టున గంగరాజు గారి తండ్రి మండువా ఇల్లు కట్టించినప్పుడు, ద్వారబంధానికి పోగా మిగిలిన టేకు ముక్కతో వడ్రంగి పోలాచారి నన్ను చెక్కాడు. రెక్కల మీద ఈకలన్నీ శ్రద్ధగా తీర్చాడు. ముక్కు దగ్గరికి వచ్చేసరికి భోజనానికి పిలుపు వచ్చింది. తిని, ఒక కునుకు తీసి వచ్చి, ముక్కు అయిపోయిందనుకుని గోడలోకి దిగే మొన చెక్కడం మొదలుపెట్టాడు. అందుకే నా ముక్కు మొద్దుగా ఉంటుంది. కొత్తగా చూసినవాళ్లు పావురం అనుకుంటారు. పేరు మాత్రం చిలకే. మనుషుల పేర్లు కూడా ఇలాగే ఉంటాయని తెలిశాక నేను బాధపడలేదు.

నన్ను వీధి గది గోడకు, వంటింట్లోంచి తొంగి చూస్తే కనపడే చోట బిగించారు. గంగరాజు గారు ఇంటి యజమాని అయ్యాక నా మీద ఆయన కండువా తప్ప మరేదీ వేలాడలేదు. బయటికి వెళ్తూ భుజాన వేసుకునేవారు, రాగానే నాకు తగిలించేవారు. కండువా ఉందంటే ఆయన ఇంట్లో ఉన్నట్టు. ఆయన ఇంట్లో ఉంటే ఆడవాళ్ల గొంతు వంటింటి గడప దాటకూడదు. ఈ నియమం ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలుసు.

ఆయన భార్య సూరాయమ్మకు పుట్టింట్లో నవ్వు విషయంలో పెద్ద పేరు. ఆవిడ నవ్వితే రేవు అవతల పడవవాడు తనను పిలిచారనుకుని పడవ తిప్పేవాడట. కాపురానికి వచ్చిన కొద్ది రోజులకే ఆవిడ నన్ను చూసి నవ్వాలో వద్దో తేల్చుకోవడం నేర్చుకుంది. నేను ఖాళీగా ఉంటే ఆవిడా, వంటలో సాయం చేసే అచ్చాయమ్మా పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. నా మీద తెల్లగా కనపడిందంటే గరిటె కూడా గిన్నెకు తగలనిచ్చేవాళ్లు కాదు.

ఒక వేసవిలో ఉక్కగా ఉందని గంగరాజు గారు కండువా వేసుకోకుండా పెరటి దారిన పొలానికి వెళ్లారు. ఇల్లంతా సాయంత్రం దాకా గుసగుసలతో నడిచింది. పొద్దు వాలాక ఆయన పెరటి గుమ్మంలోంచి వచ్చి, "ఎవరికి భయపడి గొణుక్కుంటున్నారే?" అన్నారు.

"మీ కండువా ఉందండి," అంది సూరాయమ్మ.

ఆయన కాసేపు ఆలోచించారు. మర్నాడే బజారుకు వెళ్లి ఇంకో కండువా తెచ్చుకున్నారు. ఒకటి భుజాన, ఒకటి నా మీద. ఆ తరవాత ఆయన ఏ ఊళ్లో ఉన్నా ఇంట్లోనే ఉండేవారు.

చాలా ఏళ్లకు ఆయన పోయారు. భుజం మీది కండువా ఆయనతో వెళ్లింది. నా మీదిది ఉండిపోయింది. దాన్ని తియ్యవచ్చని సూరాయమ్మకు తోచలేదు. పలకరింపుకు వచ్చినవాళ్లు, "ఎంత ప్రేమమ్మా, కండువా కూడా కదపలేదు," అని కళ్లు తుడుచుకున్నారు. ఆవిడ అవునన్నది కూడా గుసగుసగానే అన్నది.

ఒక వానాకాలం పొద్దున అచ్చాయమ్మ వీధి గది ఊడుస్తుంటే వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. పరుగున పోతూ దారిలో చేతికందిన గుడ్డ లాక్కుంది. దాంతోనే గిన్నె దించింది.

"ఒసే అచ్చాయీ, ఏం పట్టుకున్నావే అదీ?"

అచ్చాయమ్మ చేతిలోకి చూసుకుంది. "అయ్య బాబోయ్! అయ్యగారండి!"

సూరాయమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోబోతూ, అలవాటు కొద్దీ నా వైపు చూసింది. ఖాళీ. ఇక ఆ నవ్వును ఆపే పని ఎవరికీ లేదు. కాలవ అవతల బట్టలు ఉతుకుతున్నవాళ్లు లేచి నిలబడ్డారట. కండువా మసిగుడ్డగా స్థిరపడింది. ఇల్లు గొంతెత్తి మాట్లాడటం మొదలుపెట్టింది.

తరవాత పెంకులు కారాయి. పాత కలప కొనేవాళ్లు వచ్చి స్తంభాలను తట్టి చూసి వెళ్లేవాళ్లు. వాళ్లకు అమ్మడం ఇష్టం లేక, వీధి వైపు గదులు కోనసీమ చూడ్డానికి వచ్చేవాళ్లకు బసగా ఇద్దామనుకుంది సూరాయమ్మ. ఇల్లు సర్దడానికి కాకినాడ నుంచి హంసిని అనే అమ్మాయి వచ్చింది. పాత ఇంటిని పాత ఇల్లులా కనిపించేలా చెయ్యడం ఆమె పని. రోట్లో పువ్వులు వేసింది, గంగాళంలో దీపాలు తేలించింది, ఆవకాయ జాడీలో గొడుగులు పెట్టింది. నా దుమ్ము తుడిచి నూనె రాసి మురిసిపోయింది.

"ఈ ముక్కు చూడండి మామ్మగారూ! ఎంత అరుదైన పనితనమో!"

పోలాచారి భోజనం ఇంత దూరం వస్తుందని నేననుకోలేదు.

ఫోటోలు తీసే రోజున హంసిని ఒక జరీ కండువా తెచ్చి, ఇస్త్రీ మడత చెదరకుండా నా మెడకు తగిలించింది. సూరాయమ్మ కాఫీ గ్లాసులు పట్టుకుని, వెనకాల వస్తున్న అచ్చాయమ్మకు ఏదో పెళ్లిలో జరిగిన అల్లరి గట్టిగా చెబుతూ వచ్చింది. నన్ను చూసింది. మాట మధ్యలో ఆగింది. భుజాల నిండా కొంగు కప్పుకుంది.

"కాఫీ తీసుకోమ్మా," అంది. పక్కనున్న నాకే సరిగా వినపడలేదు.

"గొంతు పట్టిందా మామ్మగారూ?"

"గొంతుకేం రోగం లేదండి," అంది అచ్చాయమ్మ. "అయ్యగారొచ్చేరు."

హంసిని గుమ్మం వైపు చూసింది. ఎవరూ రాలేదు.

సూరాయమ్మ గ్లాసులు కింద పెట్టింది. ఆవిడ చెయ్యి నా దాకా వచ్చింది, వెనక్కి పోయింది, మళ్లీ వచ్చింది. ఇన్నేళ్లలో ఆవిడ నన్ను తాకడం అదే మొదలు. కండువా తీసి, దులిపి, మడిచి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

"ఇది నీ పెట్టెలో దాచుకోమ్మా."

"అయ్యో, కళ పోతుందండి! ఫోటోలో పెద్దాయన ఇంట్లో ఉన్నట్టు ఉండాలి కదా?"

"ఆయన చాలా కాలం ఉన్నార్లే," అంది సూరాయమ్మ. ఈసారి వీధిలోకి వినపడింది. "నీకు పాతకాలమే కదా కావాలి? నేనున్నాను. నన్ను తియ్యి."

"ఉన్న నాలుగు పళ్లూ కనపడేలా నవ్వండమ్మగారూ!" అంది అచ్చాయమ్మ.

ఆ ఫోటోలో ఆవిడ కదిలిపోయింది. నేను స్పష్టంగా వచ్చాను.

ఇప్పుడు నా మీద ఆవిడ గుడ్డ సంచి వేలాడుతుంది. అందులో తమలపాకులు, కళ్లజోడు, ఎందుకు దాచిందో ఆవిడకే తెలియని తాళంచెవులు ఉంటాయి. బసకు వచ్చినవాళ్లు పొద్దున్నే తలుపు ఓరగా తీసి నా వైపు చూస్తారు. సంచి ఉంటే, ఇక నిద్ర సాగదని కాఫీకి లేస్తారు. లేకపోతే ఆవిడ సంతకు వెళ్లిందని ఇంకాసేపు పడుకుంటారు. ఈ నియమం కూడా ఎవరూ ఎవరికీ చెప్పలేదు.